క్రాఫ్ట్ పేల్ ఏల్: రుచి పరీక్ష, మూల్యాంకనం

క్రాఫ్ట్ పేల్ ఏల్ అనేది లేత రంగు బార్లీ మాల్ట్‌తో, హాప్స్ పూల వాసన, చేదు స్పష్టంగా తెలిసేలా చిన్న స్వతంత్ర బ్రూవరీలు తయారుచేసే ఒక రకం బీరు. దీని రూపం, వాసన, రుచి, నోటికి తగిలే తీరును ఒక క్రమంలో పరిశీలించి నమోదు చేయడాన్ని రుచి పరీక్ష అంటారు. ఆ నమోదును ఒక నిర్దిష్ట ప్రమాణంతో పోల్చి మార్కులు వేయడం లేదా పతకాలు నిర్ణయించడం మూల్యాంకనం. బ్రూవరీల్లో నాణ్యత నియంత్రణకు, పోటీల్లో విజేతల ఎంపికకు, తయారీదారులకు తమ లోపాలు తెలియజేయడానికి ఈ రెండూ ఉపయోగపడతాయి.

నిర్వచనం, పరిధి

బీర్లను ప్రధానంగా ఏల్, లాగర్ అని రెండు కుటుంబాలుగా విభజిస్తారు. ఏల్‌ను శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్‌తో సుమారు 16 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య పులియబెడతారు. లాగర్ ఈస్ట్ ఇంతకంటే చల్లని వాతావరణంలో నెమ్మదిగా పనిచేస్తుంది. ఏల్ ఈస్ట్ పులిసేటప్పుడు ఎస్టర్లు అనే పండ్ల వాసన గల పదార్థాలను ఎక్కువగా విడుదల చేస్తుంది. పేల్ ఏల్‌లో ఈ పండ్ల వాసన, మాల్ట్ తీపి, హాప్స్ చేదు ఒకదాన్నొకటి మింగేయకుండా ఉండాలి. నల్లగా వేయించిన మాల్ట్ గానీ, ఎక్కువ ఆల్కహాల్ గానీ లేనందువల్ల ఇందులో తయారీ దోషాలు దాగవు. రుచి పరీక్షలో శిక్షణ పొందేవారికి ఇది తరచూ తొలి పాఠం కావడానికి కారణం ఇదే.

‘క్రాఫ్ట్’ అనే విశేషణానికి అన్ని దేశాల్లో ఒకే నిర్వచనం లేదు. అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ లెక్క ప్రకారం ఏడాదికి 60 లక్షల బ్యారెళ్లకు మించకుండా తయారుచేస్తూ, యాజమాన్యంలో క్రాఫ్ట్ రంగానికి చెందని మద్యం సంస్థల వాటా 25 శాతం లోపు ఉన్న బ్రూవరీ క్రాఫ్ట్ బ్రూవరీ. అమెరికన్ బీరు బ్యారెల్ సుమారు 117 లీటర్లు.

చరిత్ర

మాల్ట్‌ను కట్టెల మంటపై ఆరబెట్టిన కాలంలో దానికి ముదురు రంగు, పొగ వాసన పట్టేవి. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో మాల్ట్ ఆరబెట్టడానికి కోక్ బొగ్గు వాడకం మొదలయ్యాక పొగ సోకని లేత మాల్ట్ సాధ్యమైంది. 18వ శతాబ్దం తొలినాళ్లకే పేల్ ఏల్ అనే పేరు వాడుకలోకి వచ్చింది.

లండన్‌లోని బో ప్రాంతంలో ఉన్న హాడ్జ్‌సన్ బ్రూవరీ 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ నౌకల ద్వారా భారతదేశానికి బీరు పంపింది. 1820ల్లో బర్టన్ ఆన్ ట్రెంట్ పట్టణానికి చెందిన ఆల్సాప్, ఆ తర్వాత బాస్ బ్రూవరీలు ఈ వ్యాపారంలోకి దిగాయి. బర్టన్ బావుల నీటిలో కాల్షియం సల్ఫేట్, అంటే జిప్సం, ఎక్కువ. సల్ఫేట్ హాప్స్ చేదును పొడిగా, పదునుగా తేల్చి చూపుతుంది. అందుకే ఆ పట్టణం పేల్ ఏల్‌కు పెట్టింది పేరయింది. విలియం బాస్ 1777లో స్థాపించిన బ్రూవరీ ఎర్ర త్రికోణం గుర్తు బ్రిటన్‌లో నమోదైన తొలి ట్రేడ్‌మార్కు. భారత మార్కెట్‌కు పంపిన, హాప్స్ ఎక్కువ వేసిన రకానికి 19వ శతాబ్దంలో ఇండియా పేల్ ఏల్, సంక్షిప్తంగా ఐపీఏ, అనే పేరు స్థిరపడింది.

20వ శతాబ్దంలో లాగర్ల ఆధిపత్యం పెరిగి పేల్ ఏల్ వెనుకబడింది. బ్రిటన్‌లో పీపాలోనే పులిసే సంప్రదాయ బీరును కాపాడటానికి 1971లో కామ్రా అనే వినియోగదారుల ఉద్యమం పుట్టింది. అమెరికాలో వ్యవసాయ శాఖ పరిశోధన ఫలితంగా ఒరెగాన్‌లో రూపొందిన కాస్కేడ్ హాప్ 1972లో విడుదలైంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ 1975లో ఈ హాప్‌తో లిబర్టీ ఏల్ తయారుచేసింది. 1978లో ఇంటి వాడకానికి బీరు కాచుకోవడాన్ని అనుమతించే చట్టంపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. కెన్ గ్రాస్‌మన్, పాల్ కముసి కాలిఫోర్నియాలోని చీకోలో స్థాపించిన సియెరా నెవాడా బ్రూవరీ 1980లో పేల్ ఏల్ కాచడం మొదలుపెట్టింది. కాస్కేడ్ వాసన ప్రధానంగా ఉన్న ఆ బీరు అమెరికన్ పేల్ ఏల్ అనే శైలికి నమూనాగా నిలిచింది.

రుచి పరీక్ష పద్ధతులు కూడా ఇదే కాలంలో స్థిరపడ్డాయి. డెన్మార్క్‌కు చెందిన మోర్టెన్ మైల్‌గార్డ్ 1970ల్లో బీరు రుచులు, వాసనలను వర్గాలుగా అమర్చిన రుచి చక్రాన్ని రూపొందించారు. పోటీల న్యాయనిర్ణేతలకు పరీక్ష పెట్టి ధ్రువీకరించే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్, సంక్షిప్తంగా బీజేసీపీ, 1985లో మొదలైంది.

రకాలు

శైలి తెలియకుండా మూల్యాంకనం సాధ్యం కాదు. ఒక శైలిలో గుణంగా లెక్కకు వచ్చేది మరో శైలిలో దోషం కావచ్చు. బీజేసీపీ 2021 మార్గదర్శకాల ప్రకారం పేల్ ఏల్ కుటుంబంలోని ముఖ్య శైలులు ఇవి. చేదును ఐబీయూ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక ఐబీయూ అంటే దాదాపుగా లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లాలు. రంగుకు ఎస్‌ఆర్‌ఎం ప్రమాణం. అంకె పెరిగిన కొద్దీ రంగు ముదురుతుంది.

అమెరికన్ పేల్ ఏల్: ఆల్కహాల్ 4.5–6.2 శాతం, చేదు 30–50 ఐబీయూ, రంగు 5–10 ఎస్‌ఆర్‌ఎం. నిమ్మజాతి పండ్లు, ఉష్ణమండల పండ్లు, పైన్ చెట్టు జిగురు వంటి హాప్స్ వాసన ముందుంటుంది. మాల్ట్ దానికి ఆసరాగా ఉంటుంది.

బ్రిటిష్ బిట్టర్ శైలులు: ఇంగ్లిష్ పేల్ ఏల్ సంప్రదాయం ఇప్పుడు ఎక్కువగా ఈ పేరుతో వర్గీకృతమవుతోంది. ఆర్డినరీ బిట్టర్ ఆల్కహాల్ 3.2–3.8 శాతం, బెస్ట్ బిట్టర్ 3.8–4.6 శాతం, స్ట్రాంగ్ బిట్టర్ 4.6–6.2 శాతం. హాప్స్ వాసన పూలను, మట్టిని, ఆకులను తలపిస్తుంది. బిస్కట్, పాకం రుచులు తెలుస్తాయి. గ్యాస్ తక్కువ.

బెల్జియన్ పేల్ ఏల్: ఆల్కహాల్ 4.8–5.5 శాతం, చేదు 20–30 ఐబీయూ. ఈస్ట్ ఇచ్చే పండ్ల వాసన, స్వల్పమైన మసాలా ఘాటు ఇందులో సహజ లక్షణాలు.

అమెరికన్ ఐపీఏ: ఆల్కహాల్ 5.5–7.5 శాతం, చేదు 40–70 ఐబీయూ. అమెరికన్ పేల్ ఏల్ కంటే హాప్స్, ఆల్కహాల్ రెండూ ఎక్కువ. ఈ స్థాయిలో ఉన్న బీరును పేల్ ఏల్ విభాగంలో పెడితే, ఎంత బాగున్నా, శైలి మించినందుకు మార్కులు తగ్గుతాయి.

ముడి పదార్థాలు, రుచిలో వాటి పాత్ర

మాల్ట్: మూల మాల్ట్ బ్రెడ్, ధాన్యం రుచిని ఇస్తుంది. కొద్దిగా కలిపే క్రిస్టల్ మాల్ట్ పాకం రుచిని, రాగి ఛాయను ఇస్తుంది. ఇది మోతాదు మించితే బీరు బరువెక్కి హాప్స్ మసకబారతాయి.

హాప్స్: వీటిలోని ఆల్ఫా ఆమ్లాలు మాల్ట్ రసంలో మరిగినప్పుడు ఐసో ఆల్ఫా ఆమ్లాలుగా మారి చేదునిస్తాయి. మరుగు మొదట్లో వేసిన హాప్స్ చేదుకు, చివర్లో వేసినవి వాసనకు ఉపయోగపడతాయి. పులిసే దశలో లేదా ఆ తర్వాత హాప్స్ కలపడాన్ని డ్రై హాపింగ్ అంటారు. మరిగే పని లేనందున నూనెల వాసన నిలుస్తుంది. హాప్స్ నూనెలో ముఖ్యమైన మిర్సీన్ మామిడిలో కూడా ఉంటుంది. కాస్కేడ్, సెంటెనియల్ రకాలు పంపరపనసను, సిట్రా, మొజాయిక్ రకాలు మామిడి, అనాస వంటి పండ్లను, ఇంగ్లండుకు చెందిన ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్, ఫగుల్ రకాలు పూలు, మట్టి వాసనలను గుర్తుచేస్తాయి.

ఈస్ట్: అమెరికన్ రకాలు తక్కువ వాసనతో హాప్స్‌కు దారి వదులుతాయి. ఇంగ్లిష్ రకాలు పండ్ల వాసనను జోడిస్తాయి.

నీరు: సల్ఫేట్ ఎక్కువైతే చేదు పదునెక్కుతుంది. క్లోరైడ్ ఎక్కువైతే మాల్ట్ గుండ్రంగా, నిండుగా అనిపిస్తుంది.

పరీక్షకు ముందు ఏర్పాట్లు

అమెరికన్ పేల్ ఏల్‌ను సాధారణంగా 7–10 డిగ్రీల సెల్సియస్ వద్ద, బ్రిటిష్ పీపా బీరును 11–13 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. మరీ చల్లగా ఉంటే వాసన పైకి లేవదు, చేదు ఒక్కటే తెలుస్తుంది. గ్లాసుపై సబ్బు, నూనె ఆనవాళ్లు ఉండకూడదు. గ్లాసు లోపలి గోడకు బుడగలు అంటుకుని కనిపిస్తే అది శుభ్రంగా లేదని అర్థం. అటువంటి గ్లాసులో నురగ నిలవకపోవడాన్ని బీరు దోషంగా రాయకూడదు.

గదిలో వంట వాసన, అగరుబత్తి, సెంటు, పొగ ఉండకూడదు. పరీక్షకు ముందు ఘాటైన కాఫీ, కారపు తిండి, పాన్ మసాలా మానేయాలి. నమూనాల మధ్య నీళ్లు, ఉప్పు లేని బిస్కట్ లేదా బ్రెడ్ ముక్క తీసుకుంటారు. నమూనాలకు పేరు ఉండదు, అంకె మాత్రమే ఉంటుంది. తేలికైన వాటి నుంచి బలమైన వాటికి వెళ్తారు. ఒక్కో నమూనాకు 60–90 మిల్లీలీటర్లు సరిపోతాయి.

పరీక్ష క్రమం

వాసన: పోసిన వెంటనే మొదట చూడాల్సింది ఇదే. తేలికైన సువాసన పదార్థాలు నిమిషాల్లో ఎగిరిపోతాయి. గ్లాసును మెల్లగా తిప్పి, ముక్కు దగ్గర పెట్టి రెండు మూడుసార్లు చిన్నగా పీలుస్తారు. దీర్ఘంగా పీలిస్తే ముక్కు త్వరగా అలవాటుపడి వాసన తెలియడం మానేస్తుంది. హాప్స్, మాల్ట్, ఈస్ట్, ఇతర వాసనలు అనే వరుసలో ఒక్కోదాన్ని, దాని తీవ్రతను రాస్తారు.

రూపం: వెలుతురుకు ఎదురుగా పట్టి రంగు, స్వచ్ఛత, నురగ చూస్తారు. లేత బంగారు రంగు నుంచి లేత రాగి రంగు వరకు అమెరికన్ పేల్ ఏల్‌కు సరిపోతుంది. డ్రై హాపింగ్ చేసిన బీరులో పల్చని మసక తప్పు కాదు. నురగ తెల్లగా, చిన్న బుడగలతో కొంతసేపు నిలవాలి.

రుచి: ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగుతారు. మింగేటప్పుడు ముక్కు ద్వారా గాలి వదలాలి. నోటి వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే రుచిగా మనం చెప్పుకునే దానిలో పెద్ద భాగం. ముందు మాల్ట్ తీపి, మధ్యలో హాప్స్ రుచి, చివర చేదు ఏ క్రమంలో వచ్చాయో గమనిస్తారు. మింగాక మిగిలే చేదు శుభ్రంగా తగ్గిపోవాలి. నాలుక వెనుక గీరుకున్నట్టు పట్టి ఉంటే దాన్ని కరకు చేదుగా రాస్తారు. చేదు, తర్వాతి రుచి పూర్తిగా తెలియాలి కాబట్టి బీరు న్యాయనిర్ణేతలు సాధారణంగా ఉమ్మివేయరు, కొద్దిగా మింగుతారు.

నోటిస్పర్శ: బీరు పల్చనా చిక్కనా, గ్యాస్ ఎంత, వగరు ఉందా, ఆల్కహాల్ వేడి తెలుస్తోందా అనేవి ఇక్కడ చూస్తారు. పచ్చి అరటికాయ కొరికినప్పుడు నోరు బిగుసుకున్నట్టు అనిపించేది వగరు. అది నాలుకకు తెలిసే చేదు కంటే వేరైనది. కొత్తవారు ఈ రెండింటినీ తరచూ కలిపేస్తారు.

మొత్తం అభిప్రాయం: అంశాలు ఒకదానితో ఒకటి ఎలా కుదిరాయి, శైలికి ఎంత దగ్గరగా ఉంది, తయారీలో ఏం మార్చాలి అనేవి చివర రాస్తారు.

దోషాలు, వాటి మూలాలు

డయాసిటైల్: వెన్న, బటర్‌స్కాచ్ వాసన, నాలుకపై జారుడు. ఈస్ట్ పని పూర్తికాకముందే బీరును చల్లబరచడం, బ్యాక్టీరియా చేరడం కారణాలు. డ్రై హాపింగ్‌లో హాప్స్ ఎంజైములు మిగిలిన పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చితే ఈస్ట్ మళ్లీ మేల్కొని దీన్ని తయారుచేయవచ్చు. దీన్ని ముందే పట్టుకోవడానికి బ్రూవరీల్లో ఒక సులువైన పరీక్ష ఉంది. ట్యాంకు నుంచి తీసిన బీరును రెండు మూతల గ్లాసుల్లో పోసి, ఒకదాన్ని సుమారు 60 డిగ్రీల వేడి నీటిలో కొంతసేపు ఉంచుతారు. తర్వాత రెండింటినీ ఒకే చల్లదనానికి తెచ్చి వాసన చూస్తారు. వేడి చేసిన గ్లాసులో మాత్రమే వెన్న వాసన వస్తే, అది తర్వాత బయటపడే ప్రమాదం ఇంకా ఉన్నట్టే; బీరు మరికొంత కాలం ఈస్ట్‌పైనే ఉండాలి.

అసిటాల్డిహైడ్: పచ్చి ఆపిల్ వాసన. బీరు పూర్తిగా పక్వం కాలేదనడానికి గుర్తు.

డైమిథైల్ సల్ఫైడ్: ఉడికించిన మొక్కజొన్న వాసన. సరిగా మరిగించకపోవడం, వేడి రసాన్ని ఆలస్యంగా చల్లబరచడం వల్ల వస్తుంది.

ఆక్సీకరణ: తడిసిన అట్టముక్క వాసన. ప్యాకింగ్‌లో గాలి చేరినా, వెచ్చగా నిల్వ ఉంచినా వస్తుంది. పేల్ ఏల్‌లో ఇది బయటపడేలోపే హాప్స్ వాసన వాడిపోతుంది.

వెలుతురు దెబ్బ: హాప్స్ చేదు పదార్థాలు ఎండలోని నీలి, అతినీలలోహిత కిరణాలకు విచ్ఛిన్నమై గంధక సమ్మేళనంగా మారితే ఘాటైన దుర్వాసన పుడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా దీన్ని చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చ, తెల్ల సీసాలు ఆపలేవు.

క్లోరోఫినాల్: ఆసుపత్రి మందుల వాసన. నీటిలోని క్లోరిన్‌ను తొలగించకపోవడం వల్ల వస్తుంది.

మార్కుల విధానం

బీజేసీపీ మార్కుల పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిస్పర్శకు 5, మొత్తం అభిప్రాయానికి 10. వాసన, రుచి కలిపితే 32, అంటే మూడింట రెండు వంతులకు దగ్గర. అందుకే అందమైన నురగ బీరును గెలిపించలేదు. 45–50 అసాధారణం, 38–44 శ్రేష్ఠం, 30–37 చాలా బాగుంది, 21–29 బాగుంది, 14–20 పర్వాలేదు, అంతకంటే తక్కువైతే దోషభూయిష్టం. పూర్తిగా చెడిన బీరుకు కూడా 13 కంటే తగ్గించకపోవడం మర్యాదగా పాటిస్తారు.

ఉదాహరణకు ఒక మంచి అమెరికన్ పేల్ ఏల్‌కు వాసన 9, రూపం 3, రుచి 14, నోటిస్పర్శ 4, మొత్తం అభిప్రాయం 7 వేస్తే 37 వస్తుంది. అదే బీరులో స్పష్టమైన డయాసిటైల్ ఉంటే వాసన 6, రుచి 10, నోటిస్పర్శ 3, మొత్తం అభిప్రాయం 5కు తగ్గి, రూపం 3తో కలిపి 27 కావచ్చు. ఒక్క దోషం నాలుగు విభాగాల్లో కోత పెట్టిన తీరు ఇందులో కనిపిస్తుంది.

వ్యాఖ్యల్లో ‘వాసన బాగుంది’ అని రాస్తే తయారీదారుకు ప్రయోజనం ఉండదు. ‘మధ్యస్థం నుంచి బలంగా దబ్బకాయ తొక్క వాసన, వెనుక పల్చగా బ్రెడ్ వాసన, వెన్న వాసన లేదు’ అని రాయడం సరైన పద్ధతి. ఏది ఎంత ఉందో, శైలికి ఉండకూడనిది లేదని కూడా ఇందులో తెలుస్తుంది.

పోటీలు, శిక్షణ

బీజేసీపీ పోటీల్లో కనీసం ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒకే నమూనాను మాట్లాడుకోకుండా పరీక్షించి మార్కులు వేస్తారు. తర్వాత చర్చించి తేడాను 7 మార్కుల లోపునకు తెస్తారు. ఇందుకు భిన్నంగా 1982లో మొదలైన గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్, 1996లో మొదలైన వరల్డ్ బీర్ కప్ వృత్తి బ్రూవరీలకు సంబంధించినవి. వాటిలో న్యాయమండలి చర్చించి బంగారు, వెండి, కాంస్య పతకాలను నిర్ణయిస్తుంది. బ్రిటన్‌లో కామ్రా 1978 నుంచి ఛాంపియన్ బీర్ ఆఫ్ బ్రిటన్‌ను ప్రకటిస్తోంది. యార్క్‌షైర్‌లోని టిమోతీ టేలర్ బ్రూవరీ పేల్ ఏల్ అయిన ల్యాండ్‌లార్డ్ దాన్ని నాలుగుసార్లు గెలుచుకుంది.

బీజేసీపీలో రికగ్నైజ్డ్, సర్టిఫైడ్, నేషనల్, మాస్టర్ వంటి హోదాలు పరీక్ష మార్కులు, అనుభవాన్ని బట్టి లభిస్తాయి. బీరు నిల్వ, వడ్డన, రుచులపై దృష్టి పెట్టే సిసెరోన్ ధ్రువీకరణను రే డేనియల్స్ స్థాపించారు. శిక్షణలో సాధారణ బీరులో కొద్దిపాటి దోష పదార్థాన్ని కలిపి, శుభ్రమైన బీరుతో పోల్చి చూపిస్తారు. బ్రూవరీల్లో త్రికోణ పరీక్ష కూడా వాడుకలో ఉంది. మూడు గ్లాసుల్లో రెండింటిలో ఒకే బీరు ఉంటుంది. తేడా ఉన్న గ్లాసును గుర్తించాలి. ఊహతో సరిగ్గా చెప్పే అవకాశం మూడింట ఒకటి కాబట్టి, చాలామంది ఫలితాలు కలిపి చూస్తేనే నిర్ధారణకు వస్తారు.

పరిమితులు

మనుషుల ముక్కులన్నీ ఒకే తీరుగా ఉండవు. డయాసిటైల్‌ను అతి స్వల్ప మోతాదులోనే పట్టేవారు ఉన్నారు, ఎక్కువ మోతాదులో కూడా గుర్తించలేనివారు ఉన్నారు. అలసట, జలుబు, మునుపటి నమూనా ప్రభావం కూడా ఫలితాన్ని మారుస్తాయి. కన్ను నాలుకను తప్పుదారి పట్టిస్తుంది. ఫ్రాన్స్‌లో జరిగి 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలపగా, పరీక్షకులు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. పేర్లు దాచడం, ఒకరికి మించి న్యాయనిర్ణేతలు ఉండటం, చర్చకు ముందే మార్కులు రాసుకోవడం ఈ లోపాలను తగ్గించడానికి ఏర్పడిన పద్ధతులే. శైలి మార్గదర్శకాలపై కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అవి సమానమైన కొలతను ఇస్తాయని కొందరు, కొత్త ప్రయోగాలకు అడ్డుపడతాయని మరికొందరు భావిస్తారు.

తెలుగు రాష్ట్రాలకు సంబంధించి

తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీ నియమాలు తెచ్చిన తర్వాత హైదరాబాద్‌లో అక్కడికక్కడే కాచి వడ్డించే బ్రూవరీలు వెలిశాయి. గోధుమ బీరు, లాగర్‌లతో పాటు పేల్ ఏల్, ఐపీఏ శైలులు కూడా నగరవాసులకు పరిచయమయ్యాయి. వేడి పెరిగిన కొద్దీ బీరు పాతబడే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. అందువల్ల మన ఎండాకాలంలో చల్లని నిల్వ, తాజాదనం మూల్యాంకనంలో కీలకం.

తెలుగు పరీక్షకులు తమకు తెలిసిన వాసనలతోనే ఈ బీరును కచ్చితంగా వర్ణించగలరు: పంపరపనస, దబ్బకాయ తొక్క, పచ్చి మామిడికాయ సొన, అనాస, బెల్లం పాకం. పత్రంలో ఏ పోలిక వాడినా అది ఇతర పరీక్షకులకు తెలిసినదై ఉండాలన్నదే నియమం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం సేవించడానికి చట్టబద్ధమైన కనీస వయసు 21 ఏళ్లు. చిన్న మోతాదులైనా వరుసగా పలు నమూనాలు మింగితే ఆల్కహాల్ శరీరంలో చేరుతుంది కాబట్టి, పరీక్షలో పాల్గొన్నవారు ఆ తర్వాత వాహనం నడపకూడదు.